కంచెను అడిగేదెవరు?

మా ప్రగతి నగర్ 2019 దాకా గ్రామ పంచాయతీ. చుట్టూ అపార్టుమెంట్లు లేచి, సగం ఇళ్ళు హైటెక్ సిటీకి పోయివచ్చే ఉద్యోగులతో నిండినా, కాగితం మీద మాత్రం పల్లెటూరే. ఆ రోజుల్లో ఒకసారి గ్రామసభకు వెళ్ళాను. వీధి దీపాలు, అంబీర్ చెరువులో కలిసే మురుగు, చెత్తబండి రాని రోజులు, ఇలా ఒక్కొక్కటే అడుగుతూ పోయారు జనం. సమాధానాలు ఎలా ఉన్నా, సమాధానం చెప్పవలసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. చివర్లో ఒక పెద్దాయన లేచి, "రాత్రి గస్తీ ఎక్కడ తిరగాలో, ఎవరిని ఆపాలో, ఎందుకు ఆపాలో నిర్ణయించేది ఎవరండీ? వాళ్ళను కూడా ఒకసారి ఈ సభకు పిలవొచ్చు గదా!" అన్నాడు. కొందరు నవ్వారు. "అది మన పరిధిలోది కాదండీ" అని వేదిక మీదినుంచి మర్యాదగానే జవాబు వచ్చింది. ఆయన కూర్చున్నాడు.

ఆ జవాబులో తప్పేమీ లేదు. పంచాయతీకి పోలీసుల మీద అజమాయిషీ లేదు. మరి ఎవరి పరిధిలోది? ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు. "కంచే చేను మేస్తే కాపేమి చేయగలడు?" అని మనకొక సామెత ఉంది. తరతరాలుగా మనం దాన్ని నిట్టూర్పుగానే వాడుకుంటున్నాం. కానీ ఒకప్పుడు ఒక తెలుగువాడు దాన్ని నిజమైన ప్రశ్నగా మార్చి, పట్టుబట్టి, సముద్రాల అవతల ఉన్న పార్లమెంటు చేత అడిగించాడు. మా ప్రగతి నగర్ నిజాం ఏలిన నేలే అయినా, ఈ కథను చెన్నపట్నం నుంచి మొదలుపెట్టక తప్పదు. మన దేశంలో నేటి పోలీసు వ్యవస్థకు పునాదిరాళ్ళలో ఒకటి పడింది అక్కడే.

గాజుల లక్ష్మీనరసు చెట్టి 1806లో చెన్నపట్నంలో, తెలుగు వర్తక కుటుంబంలో పుట్టాడు. నీలిమందు, రుమాళ్ళ వ్యాపారంలో బాగా గడించాడు. గడించినదాన్ని ప్రజల వ్యవహారాలకు ఖర్చు పెట్టడం మొదలుపెట్టాడు. 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రికను నడిపించాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. అప్పటికి కాంగ్రెసు పుట్టడానికి ఇంకా ముప్పై మూడేళ్ళుంది. 1853లో కంపెనీ పట్టాను పార్లమెంటు పునరుద్ధరించవలసి ఉండగా, ఆ సందర్భం చూసుకుని మద్రాసు ప్రజల కష్టాలను ఏకరువు పెడుతూ లండనుకు విన్నపం పంపించారు. అందులోని కష్టాలలో ముఖ్యమైనవి శిస్తుల భారమూ, ఆ శిస్తు వసూలుకు పెట్టే హింసానూ.

ఆ హింసకు మూలం అర్థం కావాలంటే 1816 దాకా వెనక్కి వెళ్ళాలి. ఆ ఏడాది మద్రాసు ప్రభుత్వం చేసిన పదకొండవ రెగ్యులేషను, థామస్ మన్రో ఆలోచనల ప్రకారం, పోలీసు అధికారాన్ని జిల్లా జడ్జీలనుంచి తీసి కలెక్టరు చేతికిచ్చింది. కలెక్టరే మేజిస్ట్రేటు. ఆయన క్రింద తాసీల్దారే పోలీసు అధికారి. తాసీల్దారు క్రింది బంట్రోతే పొద్దున శిస్తు వసూలుకు, సాయంత్రం దొంగల వేటకు. మన్రో దత్తమండలాలలో ఏడేళ్ళు కలెక్టరుగా తిరిగినవాడు. రైతుకు నాలుగు కచేరీల గడపలు తొక్కే బాధ తప్పించాలనే ఆయన ఉద్దేశం కావచ్చు. కానీ జరిగిందేమిటంటే, శిస్తు కట్టలేదని రైతు వేళ్ళు నలగగొట్టిన బంట్రోతు మీద ఫిర్యాదు చేయాలంటే, ఆ బంట్రోతును పంపిన తాసీల్దారు దగ్గరికే పోవాలి. కంచె, కాపలాదారు, తీర్పరి అన్నీ ఒక్కరే.

1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు చెన్నపట్నం వచ్చాడు. లక్ష్మీనరసు చెట్టి ఆయన్ని నగరంలో విందులతో సరిపెట్టి పంపించలేదు. గుంటూరు మొదలు తిరునెల్వేలి దాకా వెంటబెట్టుకుని తిప్పాడు. కచేరీల దగ్గర ఏం జరుగుతోందో, రైతుల నోటనే వినిపించాడు. ఆ ప్రయాణపు ఫలితం 1854 జూలైలో కామన్స్ సభలో కనిపించింది. మద్రాసు భూమిశిస్తు మీద చర్చలో, అక్కడ ప్రజలను హింసించి వసూళ్ళు చేస్తున్నారని సేమూర్ లేచి చెప్పాడు. కంపెనీ పక్షంవారు నమ్మశక్యం కాదన్నారు. కానీ ఒకసారి సభలో పలికిన మాటను వెనక్కి తోయడం కష్టం. అదే ఏడాది సెప్టెంబరులో మద్రాసు ప్రభుత్వం ఎలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో ఒక విచారణ సంఘాన్ని వేయక తప్పలేదు. చరిత్రలో దాని పేరు 'టార్చర్ కమిషన్'.

ఆ సంఘానికి కాలం చాలా తక్కువ. అయినా విచారణ వార్త తెలియగానే జనం కదిలిన తీరు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. మొత్తం 1,959 ఫిర్యాదులు చేరాయి. అందులో 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు. రైలు లేని రోజుల్లో, ఎందరో ఎంతో దూరంనుంచి వచ్చారు. మళ్ళీ ఆ తాసీల్దారు ఏలుబడిలోకే తిరిగి వెళ్ళవలసినవాళ్ళు వాళ్ళు. రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి నొక్కే 'కిట్టి'ని గురించి చెప్పారు. తలను వంచి కాళ్ళకు కట్టి గంటల తరబడి ఎండలో ఉంచడాన్ని గురించి, కళ్ళలో మిరపపొడి కొట్టడాన్ని గురించి చెప్పారు. ఇవన్నీ కొత్తగా కనిపెట్టినవి కావు. ఊరివాళ్ళకందరికీ పేర్లతో సహా తెలిసినవే. తెలియనిదల్లా వాటిని గురించి ఎక్కడ అడగాలన్నదే. అడిగే చోటు మూడు నెలలపాటు దొరికింది, అడిగారు.

1855 ఏప్రిల్ నాటికి నివేదిక సిద్ధమయింది. హింస ఉన్నదని, వసూళ్ళలోనూ నేరవిచారణలోనూ అది మామూలు పద్ధతిగా మారిందని ఒప్పుకుంది. శిస్తు అధికారమూ పోలీసు అధికారమూ ఒకే చేతిలో ఉండడం దీనికి ముఖ్య కారణమని తేల్చింది. ఇక్కడే ఒక మెలిక కూడా ఉంది. తప్పంతా క్రిందిస్థాయి నేటివు నౌకర్లదని, దొరలకు దీనితో సంబంధం లేదని ఆ నివేదిక పై అధికారులను చాలావరకు ఒడ్డున పడేసింది. రెండేళ్ళ తరవాత, 1857లో, న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో కార్ల్ మార్క్స్ ఈ నివేదికను గురించే వ్రాశాడు. సిపాయిల క్రూరత్వాన్ని గురించి ఇంగ్లండు గగ్గోలు పెడుతున్న రోజులవి. పాలకుల చేతికింద ఏం జరిగిందో ఈ పుటల్లో చూసుకొమ్మన్నది ఆయన వాదం.

విచారణ ఫలించింది. 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. పోలీసులను తాసీల్దారు నుంచి విడదీసి, జిల్లాకొక సూపరింటెండెంటును, అందరి మీదా ఒక పెద్ద అధికారిని పెట్టారు. విలియం రాబిన్సన్ ఆ మొదటి అధిపతి. రెండేళ్ళకు దేశానికంతటికీ 1861 పోలీసు చట్టం వచ్చింది. ఈ సంస్కరణను తక్కువచేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. బంట్రోతు చేతిలోంచి కిట్టిని లాగేసుకున్న చట్టమది, కనీసం కాగితం మీద.

కానీ ఆ చట్టంలో ఉన్నదానికంటే లేనిదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. పోలీసుల మీద అజమాయిషీ ప్రభుత్వానిది అన్నారు. ఆ ప్రభుత్వాన్ని అడిగేదెవరో చెప్పలేదు. 1829లో లండను పోలీసును స్థాపించినప్పుడు దానికి హోం మంత్రి బాధ్యుడు, ఆ మంత్రి పార్లమెంటులో జవాబు చెప్పవలసినవాడు. మనకు తెచ్చింది ఆ లండను నమూనా కాదు, ఐర్లండును అణచి ఉంచడానికి తయారైన కాన్‌స్టాబ్యులరీ నమూనా. 519 మంది నడిచివచ్చి నిలబడిన ఆ చోటును, ఫిర్యాదు వినే ఆ స్థానాన్ని, చట్టంలో శాశ్వతంగా వ్రాసిపెట్టలేదు. విచారణ ముగిసింది, తలుపు మూశారు.

లక్ష్మీనరసు చెట్టి జీవితంలోనే ఆ లోటు కనిపిస్తుంది. 1863లో ఆయన్ని మద్రాసు శాసనమండలికి నియమించారు. కామన్స్ సభలో ఒక ప్రశ్న వేయించడానికి అంత శ్రమపడ్డ మనిషి, తాను సభ్యుడైన సభలో పోలీసుల గురించి ఒక్క ప్రశ్న వేసే హక్కు లేకుండా కూర్చున్నాడు. ఆ మండళ్ళలో సభ్యులకు ప్రశ్నలడిగే హక్కు 1892 చట్టంతో గాని రాలేదు. జవాబు మీద మరో ప్రశ్న అడగాలంటే 1909 దాకా ఆగాలి. ఆస్తి దాదాపు అంతా ప్రజాకార్యాలకే కరిగిపోగా 1868లో ఆయన కన్నుమూశాడు. తరవాతి కథ కూడా ఆ బాటలోనే నడిచింది. 1902లో వేసిన ఫ్రేజర్ కమిషన్ పోలీసులలో అవినీతి, దౌర్జన్యం పాతుకుపోయాయని వ్రాసింది. 1919 సంస్కరణలలో విద్య, ఆరోగ్యం మన మంత్రులకిచ్చి పోలీసును మాత్రం గవర్నరు దగ్గరే అట్టేపెట్టుకున్నారు. 1935 చట్టంలో పోలీసును ఎన్నికైన మంత్రులకిచ్చినా, పోలీసు నిబంధనలను మార్చే విషయంలో గవర్నరు విచక్షణకే పెద్దపీట. బ్రిటిషువాడు చివరిదాకా చేయి వదలనిది ఖజానా పెట్టె ఒకటి, లాఠీ ఒకటి.

ఇక మా వైపుకు వద్దాం. నిజాం రాజ్యంలో హైదరాబాదు నగరానికి కొత్వాలు ఉండేవాడు. 1920 నుంచి 1934 దాకా ఆ పదవిలో ఉన్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారిని నేటికీ మంచిమాటతో తలుచుకుంటారు. ఆయన మంచితనాన్ని నేను శంకించను. కానీ కొత్వాలు మంచివాడైతే నగరం అదృష్టం, కాకపోతే దురదృష్టం. అంతకు మించి జనం చేతిలో ఏమీ లేదు. 1348 ఫసలీలో, అంటే 1938-39లో, హైదరాబాదు నగర పోలీసు చట్టం వచ్చింది. ప్రజలు ఎన్నుకున్న శాసనసభ లేని రాజ్యంలో పుట్టిన చట్టం కనుక, శాసనసభకు జవాబు చెప్పే ఆలోచన దానికి ఉండే వీలే లేదు. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి మొదటి ఎన్నికైన శాసనసభ వచ్చింది. ఆ సెప్టెంబరులోనే ముల్కీ ఆందోళనలో సిటీ కాలేజీ ప్రాంతంలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి చేత విచారణ జరిపించారు. కొత్త ప్రజాస్వామ్యం తొలి ఏడాదే పాత ప్రశ్నను ఎదుర్కోవలసి వచ్చింది.

రాజ్యాంగం పోలీసును రాష్ట్ర జాబితాలో ఉంచింది. కాబట్టి అడగవలసిన సభ మన శాసనసభే. అడిగే సాధనాలూ ఉన్నాయి. ప్రశ్నోత్తరాల సమయం ఉంది. హోం శాఖ పద్దు ఓటింగుకు వచ్చినప్పుడు మాట్లాడవచ్చు. విచారణ సంఘాల చట్టం ప్రకారం, ప్రభుత్వం వేసిన కమిషన్ నివేదికను ఆరు నెలల్లోగా, తీసుకున్న చర్యల వివరంతో సహా సభముందు పెట్టాలి. సాధనాలు లేక కాదు. ఏదో ఘోరం జరిగి, వీధులు భగ్గుమన్నప్పుడు మాత్రమే వాటిని బయటికి తీస్తాం. 1978లో నల్లకుంట పోలీసు స్టేషను ఉదంతంలో నగరం తగలబడింది, అప్పుడు గాని జస్టిస్ ముక్తదర్ కమిషన్ రాలేదు. కామన్స్ సభలో గొడవ లేచాకనే 1854లో విచారణ వచ్చినట్టుగానే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. "నాయకుల పెత్తనం పోలీసుల మీద ఇప్పటికే ఎక్కువైంది, ఇంకా శాసనసభ కూడానా?" అని. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. ధర్మవీర అధ్యక్షతన 1977లో ఏర్పడ్డ జాతీయ పోలీసు కమిషన్ వ్రాసిన సంపుటాల్లో ఈ బదిలీల బెదిరింపు గురించి కూడా ఉంది. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలలో పోలీసు అధిపతికి కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలన్నది అందుకే. అయితే అడగడం వేరు, ఆజ్ఞాపించడం వేరు. ఫలానావాణ్ణి వదిలెయ్యమనో, పట్టుకొమ్మనో మంత్రి ఫోనులో చెప్పేది ఆజ్ఞ. దానికి సాక్షి ఉండడు. ఎందుకు వదిలావు, ఎందుకు పట్టుకున్నావు అని సభలో వేసేది ప్రశ్న. అది రికార్డుకెక్కుతుంది. మొదటిది పెరిగేది రెండవది లేనిచోటే. అదే 2006 ఆదేశాలలో ఎక్కువమంది పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. ప్రతి రాష్ట్రంలోనూ భద్రతా సంఘం ఏర్పడి, పోలీసుల పనితీరు మీద నివేదిక తయారుచేసి, దాన్ని శాసనసభ ముందు పెట్టాలి. పోలీసులను మంత్రుల చాటునుంచి తప్పించమన్న తీర్పే, వాళ్ళను సభ ఎదుట నిలబెట్టమని కూడా చెప్పింది.

ఇతర దేశాలలో ఇది ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చాలు. 2011 జూలైలో, పత్రికలవాళ్ళు ఫోన్లు దొంగచాటుగా విన్న వ్యవహారంలో, లండను పోలీసు కమిషనరు సర్ పాల్ స్టీఫెన్సన్ రాజీనామా చేశాడు. రెండు రోజులకే కామన్స్ హోం వ్యవహారాల కమిటీ ముందు కూర్చుని, కెమెరాల ఎదుట, సభ్యుల ప్రశ్నలకు జవాబు చెప్పాడు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు, ఆయనకు ఆజ్ఞలూ ఇవ్వలేదు. అడిగారు, చెప్పాడు, దేశం విన్నది.

హైటెక్ సిటీ చుట్టూ ఊళ్ళు పెరిగాక సైబరాబాదు కమిషనరేటును ఏర్పాటుచేసి, 2004లో దానికొక చట్టం చేశారు. కమిషనరేటు పద్ధతిలో, జిల్లాల్లో కలెక్టరు దగ్గర ఉండే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు అధికారాలు కొన్ని పోలీసు కమిషనరు చేతికే వస్తాయి. సభలు నిషేధించడమూ, ఆ నిషేధాన్ని అమలు చేయడమూ ఒకే కార్యాలయం పని. మహానగరానికి వేగం కావాలి నిజమే. కానీ 1855 నివేదిక పక్కనపెట్టుకుని చదివితే, విడదీయమన్న రెండు చేతులు మరో రకంగా మళ్ళీ కలిసినట్టు అనిపించడం లేదూ?

చివరికి, నేను తప్పించుకోజాలని చోటుకు వచ్చాను. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి ఫిర్యాదు తీసుకోవడంలో పరిధి ఎవరిదన్న తర్జనభర్జనతో ఆలస్యం జరిగిందని ముగ్గురు పోలీసులను సస్పెండు చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున, నిందితులు నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా అపార్టుమెంటులో ఎవరో మిఠాయి పంచారు. నేనూ తీసుకున్నాను. తిన్నాను కూడా. చేతిలో కూతురి ఫోటో పట్టుకుని ఏడుస్తున్న తల్లిదండ్రులను వారంరోజులుగా టీవీలో చూస్తున్న నాకు, ఆ ఉదయం వేరే ఆలోచన రాలేదు.

మూడు రోజుల తరవాత ఆంధ్రప్రదేశ్ శాసనసభలో అప్పటి ముఖ్యమంత్రి తెలంగాణ ప్రభుత్వాన్నీ పోలీసులనూ అభినందించారు. అడగవలసిన సభలు చప్పట్లు కొడుతున్న ఆ వారంలో, అడిగినది సుప్రీంకోర్టు. డిసెంబరు 12న జస్టిస్ సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురితో కమిషన్ వేసింది. 2022 మే నెలలో బయటికి వచ్చిన ఆ నివేదిక, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసుల మీద హత్యకేసు విచారణ జరగాలని చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపించింది. ఆ అధికారులు అక్కడ దాన్ని సవాలు చేశారు. దోషులెవరన్నది తేల్చవలసింది న్యాయస్థానాలే, నేను కాదు. నేను తేల్చుకోవలసింది నా సంగతి. నివేదిక చదివిన రోజు ఆ మిఠాయి తీపి నాకు మళ్ళీ నాలుక మీదికి వచ్చింది. నిందితుల మీద జాలి కలగలేదు. కానీ ఆ ఉదయం నేను కోల్పోయినదేమిటో తెలిసింది. ఆ నలుగురే ఆ పని చేశారా, ఇంకెవరైనా ఉన్నారా, ఆమెను కాపాడగలిగే ఆ తొలిగంటల్లో ఏం జరిగింది అని నిండు కోర్టులో తేలవలసిన నిజం, ఆ తల్లిదండ్రులకు చేరవలసిన నిజం, ఇక తేలదు.

పోలీసులను అడగడమంటే పోలీసులకు శత్రువు కావడం కాదు. తెల్లవార్లూ రోడ్ల మీద నిలబడే కానిస్టేబులుకు ఎన్ని గంటల పనో, ఎందుకు సెలవు దొరకదో కూడా ఆ సభలోనే అడగవచ్చు. ఏడాదికి రెండుసార్లు పోలీసు అధిపతి, కమిషనర్లు శాసనసభ సంఘం ముందు బహిరంగంగా కూర్చుని జవాబు చెప్పే ఏర్పాటు ఉంటే, ఘోరం జరిగేదాకా ఆగవలసిన పని లేదు. కంచెను రోజూ చూసుకునే రైతుకు, అది చేను మేసిందని ఏడవవలసిన రోజు రాదు.

2019లోనే మా పంచాయతీని నిజాంపేట నగరపాలక సంస్థలో కలిపేశారు. గ్రామసభ కూడా దానితోపాటే పోయింది. ఆ పెద్దాయన ఇప్పటికీ సాయంత్రాలు చెరువు గట్టు మీద కనిపిస్తూంటారు. మొన్న ఆయనకు లక్ష్మీనరసు చెట్టి కథ చెప్పాను. అంతా విని, "అయితే నేనడిగింది మరీ వెర్రిప్రశ్నేమీ కాదన్నమాట" అన్నారు.

కాదండీ. నూట డెబ్బై ఏళ్ళుగా జవాబు కోసం ఎదురుచూస్తున్న ప్రశ్న అది.